కేసర్ నీళ్లగిన్నె

కేసర్ రెండోసారి పెట్టిన నాలుగు గుడ్లనూ షహర్బాను ఒక పాత వెన్న డబ్బాలో దూది పరిచి పెట్టుకుని షార్జా పక్షుల మార్కెట్‌కు తీసుకువెళ్లింది. పిల్లలు రావలసిన రోజు దాటి అప్పటికి వారం పైనే అయింది. మొదటిసారి పెట్టిన ఐదు గుడ్లూ ఇలాగే అయ్యాయి. అప్పుడు కళ్లు మూసుకుని చెత్తబుట్టలో వేసింది. ఈసారి మాత్రం సంగతేమిటో తెలుసుకోకుండా పారేయకూడదని పట్టుబట్టింది.

కొట్టులో అల్లాబకాష్ పావురాల గింజలు జల్లిస్తున్నాడు. నెల్లూరువాడు. పన్నెండేళ్లుగా ఆ కొట్లోనే పని. కేసర్ అనే ఆడ లవ్‌బర్డునూ, దాని జత మిట్టూనూ కిందటి ఏడు అమ్మింది అతనే.

"తమ్ముడూ, నువ్వు నాకు ఆడదాన్నీ మగదాన్నీ ఇచ్చినావా, రెండూ ఆడవే ఇచ్చినావా?" అంది షహర్బాను డబ్బా ముందుకు తోస్తూ.

"ఏందక్కా, అట్టాంటోణ్ణా నేను? రెండూ ఆడవయితే రెండూ పెట్టేవి. గూటిపెట్టెలో తొమ్మిదో పదో గుడ్లుండేవి. నాలుగంటే లెక్క సరిగ్గానే ఉంది." అతను ఒక గుడ్డు తీసి కాగితం మీద పెట్టి, బొటనవేలి గోటితో మెల్లగా పెంకు వలిచాడు.

షహర్బాను మొహం తిప్పుకోలేదు. లోపల పిల్ల ఉంది. చిక్కుడు గింజంత తల, మూసిన కళ్లు, ముక్కు. అన్నీ ఉన్నాయి. ఒంటిమీద తెల్లటి పొర ఎండిన జిగురు కాగితంలా అతుక్కుపోయి ఉంది.

"చూశావా? దీని తప్పేం లేదు. తల్లి తప్పూ లేదు, అయ్య తప్పూ లేదు. పిల్ల తయారైపోయింది. బైటికి రావాలంటే లోపలే గుండ్రంగా తిరగతా పెంకుని చుట్టూ పొడుచుకోవాల. పొర ఎండిపోయి పట్టేసింది. తిరగలేకపోయింది."

"ఎందుకు ఎండినాది?"

"తడి చాల్లేదక్కా." అతను కాగితం మడిచి పక్కన పెట్టాడు. "ఇంకొక్కసారి పెట్టనీ. అది మూడోది. అదీ పోతే పెట్టె తీసేసేయ్. ఏడాది దాకా మళ్లీ పెట్టబాక. దాని ఒంట్లో సున్నమంతా గుడ్లకే పోతా ఉండాది. ఇంకా పెడతా పోతే గుడ్డు అడ్డంపడి పిట్టే పోద్ది."

వెళ్లేటప్పుడు అతను కొట్టు వెనక నుంచి ఒక పచ్చి ఖర్జూరపు మట్ట తెచ్చి ఇచ్చాడు. పెట్టెలోకి కాగితం ముక్కలు కాకుండా ఈ ఆకు చీల్చుకోనివ్వమన్నాడు. పచ్చాకు తడిని పట్టి ఉంచుతుందట.

మట్ట బస్సులో పట్టక టాక్సీ ఎక్కవలసి వచ్చింది. అల్ నహ్దాలో తమ బిల్డింగు ముందు దిగి, ఏడో అంతస్తుకు వెళ్లి, మట్టను బాల్కనీలో ఆనించబోతే కాలికి ఏసీ బకెట్టు తగిలింది. ఏసీ గొట్టంలోంచి చుక్కచుక్కగా కారే నీళ్లు అందులో పడతాయి. పొద్దున పారబోసింది, మళ్లీ సగం నిండింది. రోజూ చూసే బకెట్టే. ఆ రోజు మాత్రం దాని ముందు నిలబడిపోయింది.

"ఇదిగో," అని లోపలికి కేకేసింది. "ఈ నీళ్లు యాడివి?"

భర్త జిలానీ బాషా ఏసీ మెకానిక్కు. సోఫాలో పడుకుని ఫోను చూసుకుంటున్నాడు. "పదహారేండ్లు కాపురం చేసి ఇప్పుడు అడుగుతాండావా నా పని గురించి? మనింట్లోవే. గాల్లో ఉండే తడినంతా లాగి బైటికి పారబోస్తది. నీ పెదాలు పగిలేది అందుకే."

షహర్బాను హాల్లో మూలనున్న పంజరం వైపు చూసింది. సగం బకెట్టు నీళ్లు. అంతా ఈ గదిలోంచే పోయింది. ఆ పెట్టెలోంచి కూడా.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు స్టీలు గిన్నె.

మొదట్లో పంజరంలో ఒక వెడల్పాటి స్టీలు గిన్నె ఉండేది. గుడ్లు పెట్టిన కొత్తలో కేసర్ రోజుకు రెండుసార్లు పెట్టెలోంచి వచ్చి, మిట్టూ నోటికందించిన గింజలు తిని, తర్వాత ఆ గిన్నెలో దిగి రెక్కలు కొట్టుకుని స్నానం చేసేది. ఒళ్లు విదిలించుకోకుండా, పొట్ట కింది ఈకలు నీళ్లోడుతుండగానే, తిన్నగా గుడ్ల మీదికి వెళ్లిపోయేది. సరిగ్గా అప్పుడే, జనవరి నెలాఖరులో, అత్తగారు హుస్సేనమ్మ విజిట్ వీసా మీద ప్రొద్దుటూరు నుంచి దిగింది. మూడో రోజున ఆ స్నానం చూసి గుండెలు బాదుకుంది.

"ఏమ్మే బానూ! బాలింత తలకు పోసుకుని ఏసీ కింద కూచుంటే సూస్తా నిలబడినావా? వాతం కమ్ముతాది!"

"దాదీ, ఇంకా కాన్పు కాలేదు, గుడ్లే పెట్టింది," అంది పదిహేనేళ్ల నాజియా.

"గుడ్డు పెట్టినాక ఇంకేం కాన్పు? మీ అమ్మని అడుగు, నా చేతుల మీద ఎన్ని పురుళ్లు పోసినానో."

ఆనాటి నుంచి పంజరం పురిటి గది అయింది. స్టీలు గిన్నె పోయి, ముక్కు మాత్రమే దూరే నీళ్ల సీసా వచ్చింది. పెట్టె మీద పాత దుప్పటి పడింది. జుమేరాత్, అంటే గురువారం సాయంత్రాలు, పోయిన మామగారి పేరిట ఫాతెహా ప్రార్థన చదివేటప్పుడు వేసే సాంబ్రాణి, ముందు పంజరం చుట్టూ మూడుసార్లు తిరిగి తర్వాత ఆయన ఫోటో దగ్గరికి వెళ్లేది. చెప్పింది అత్తగారే. కానీ గిన్నె తీసి అల్మారాలో పెట్టిన చేతులు తనవే.

ఆమె ఆ సాయంత్రమే దుప్పటి లాగేసింది. గిన్నె కడిగి, నీళ్లు పోసి, పంజరంలో పెట్టింది.

"ఏంది మే అది?" అంది హుస్సేనమ్మ.

"నీళ్లత్తా. దానికి స్నానం కావాల. తన కోసం కాదు, గుడ్ల కోసం తడిసి పోతాది అది. తడిని మోసకపోతాది లోపలికి."

"పిట్టలు నీకు చెప్పినాయా?"

"చచ్చిన పిల్లని సూసొచ్చినా. అది చెప్పినాది."

హుస్సేనమ్మ కింద పడ్డ దుప్పటి తీసి మడత పెట్టింది. ఒప్పుకున్నట్టు మాత్రం కనబడలేదు.

మూడు వారాలకు కేసర్ మళ్లీ పనిలో దిగింది. షహర్బాను ఖర్జూరపు ఆకులు కమ్మీల మధ్య దూర్చి పెడితే, అది ఆకు అంచు పట్టుకుని కుట్టుమిషను నడిచినట్టు టకటకా కొరుకుతూ, పొడుగాటి పీలిక కోసేది. కోసిన పీలికను నోట కరుచుకుని పోవడం కాదు. మెడ వెనక్కి తిప్పి, నడుం మీది ఈకల్లో దోపుకునేది. నాలుగైదు దోపుకుని, బొడ్లో కొడవలి దోపిన కూలిమనిషిలా పెట్టెలోకి దూరేది. సగం దారిలోనే జారిపోయేవి. మళ్లీ కోసేది. మిట్టూ కూడా ఒకసారి సాయం చేయబోయి ఒక పీలిక పట్టుకుని కాసేపు తిరిగి, ఏం చేయాలో తెలియక కింద పడేశాడు.

"అచ్చం నీ కొడుకే అత్తా," అంది షహర్బాను.

"నా కొడుకు తెచ్చి నోట్లో పెడతాడా ఏదన్నా? వాడు మేలు," అంది హుస్సేనమ్మ, మిట్టూ వైపు చూపిస్తూ. అత్తాకోడళ్లు కలిసి నవ్వుకున్నది ఆ వారంలో అదొక్కసారే.

మే నెల మధ్యకల్లా రోజు విడిచి రోజు చొప్పున ఐదు గుడ్లు వచ్చాయి. కేసర్ బయటికి వచ్చినప్పుడు మాత్రమే, రోజుకు ఒక్కసారి, షహర్బాను పెట్టె మూత ఎత్తి చూసేది. పొదగడం మొదలైన వారానికి ఫోను దీపం వెనక పెట్టి చూస్తే నాలుగింటిలో ఎర్రటి దారాలు కనబడ్డాయి. ఐదోది ఉత్తది. ఆమె క్యాలెండరులో ఇరవై మూడో రోజు మీద పెన్నుతో సున్నా చుట్టింది.

షహర్బాను స్కూలు బస్సులో ఆయా. చిన్నపిల్లల్ని ఎక్కించి, దించి, ఇంటికొచ్చి, మధ్యాహ్నం మళ్లీ పోవాలి. పొద్దున గిన్నె నింపి వెళ్లేది. పది గంటలకు వచ్చి చూస్తే గిన్నె వంటింట్లో సింకు పక్కన బోర్లించి ఉండేది, పొడిగా తుడిచి మరీ. మళ్లీ నింపి పెట్టేది. మధ్యాహ్నం వచ్చేసరికి మళ్లీ బోర్లించి ఉండేది. మూడు రోజులు ఈ గిన్నె ఇలా అటూ ఇటూ తిరిగింది. నాలుగో రోజున షహర్బాను సన్నటి ఇనుప తీగతో గిన్నెను పంజరం కమ్మీకి కట్టి, తీగ మెలిపెట్టి, కొసలు పిట్టకు గుచ్చుకోకుండా వంచింది.

"పిట్ట ముందర నన్ను దొంగని చేసినావు," అంది హుస్సేనమ్మ.

"దొంగతనం మాత్రం నువ్వే చేస్తాండావత్తా."

"ఏయ్, యల్లా, ఖలాస్," అన్నాడు జిలానీ బాషా సోఫాలోంచి. సైటులో గొడవ ఆపడానికి పనికొచ్చే మాటలు ఇంట్లో పనికిరాలేదు. ఇద్దరూ అతని వైపు ఒకేసారి చూశారు. అతను ఫోను తీసుకుని బాల్కనీలోకి పోయాడు.

అసలు గొడవ పొదగడం మొదలైన పదో రోజున వచ్చింది. అది జుమేరాత్. ఆ రోజు బస్సు దారిలో ఆగిపోయి షహర్బాను ఇంటికి వచ్చేసరికి సాయంత్రం ఐదున్నర. తలుపు తీయగానే సాంబ్రాణి వాసన ముక్కుకు కొట్టింది. రెండుసార్లు చెప్పింది అత్తకు, ఈ నెల్లాళ్లూ పొగ వద్దని. తను ఇంట్లో ఉన్న జుమేరాత్‌లు ఎలాగో గడిచిపోయాయి. ఈ రోజు హాలంతా నీలంగా ఉంది. కిటికీలు మూసి, ఏసీ అదే పొగను తిప్పి తిప్పి కొడుతోంది. ధూపపు గిన్నె పంజరం పక్క స్టూలు మీద ఉంది.

కేసర్ పెట్టెలో లేదు. కమ్మీలకు వేలాడుతూ, నోరు తెరుచుకుని, తోక పైకీ కిందికీ ఊగేలా ఎగశ్వాస పీలుస్తోంది. మిట్టూ కింద మూలలో ముడుచుకుని ఉన్నాడు.

షహర్బాను చెప్పులు కూడా విడవలేదు. ధూపపు గిన్నె ఎత్తి సింకులో పెట్టి నీళ్లు పోసింది. సుయ్‌మంది. ఏసీ ఆపి, బాల్కనీ తలుపు బార్లా తెరిచి, పంజరాన్ని ఈడ్చుకెళ్లి గుమ్మం దగ్గర పెట్టింది. జూన్ వేడి ఒక్కసారిగా లోపలికి వచ్చింది.

"మీ మామ ధూపం మీద నీళ్లు పోసినావు," అంది హుస్సేనమ్మ. ఫాతెహా కోసం చేసిన తీపి పూరీల పళ్లెం చేతిలో అలాగే ఉంది.

"పోసినా. మళ్లీ పెడితే మళ్లీ పోస్తా. పిల్లలు బైటికొచ్చి రెక్కలొచ్చే దాకా ఈ ఇంట్లో పొగ లేదు. పూరీలు పెట్టు, ఫాతెహా చదువు. మామకు పొగ లేకపోతే పట్టదా? బతికినన్నాళ్లూ ఆయన తాగిన బీడీ పొగ సాలదా?"

ఇంకో రోజైతే ఆ మాటకు హుస్సేనమ్మ నవ్వేదే. "నేను గుడ్లు చెడిపోవాలని చేస్తినా? పొగ ఏస్తే పురుగూ పుట్రా రాదు, బాలింతకు ఒళ్లు గట్టిపడతాది. నీకు అట్లనే చేస్తి కదా. నీకేమైంది? బిడ్డ బంగారం మాదిరి ఉండాది కదా!"

"నాకేమైందో నువ్వెప్పుడన్నా అడిగినావా అత్తా?"

నాజియా తన గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. షహర్బాను ఆ పిల్లను చూసింది, కానీ ఆగలేదు. పదిహేనేళ్లుగా ఎవరికీ చెప్పనిది ఇది.

"ఇది పుట్టినాది మే నెలలో. ప్రొద్దుటూరు ఎండలు. తలుపు మూసి, కిటికీ మూసి, చెవుల్లో దూది పెట్టి, పొగ ఏసి నన్ను పండుకోబెట్టినారు. రోజుకు అరగ్లాసు నీళ్లు. నాలిక అంగిలికి అతుక్కపోయేది. అడిగితే బాలింతకు నీళ్లు పడవు అని చెప్తిరి. నేనేం చేసినానో తెల్సునా? బాత్‌రూముకు పోయినప్పుడు ఆడ కాళ్లు కడుక్కునేదానికి పెట్టిన చెంబులో నీళ్లు తాగితి. దొంగతనంగా. నలభై రోజులు కాళ్లు కడిగే నీళ్లు తాగి నీ మనవరాలికి పాలిచ్చినా." ఆమె పంజరం వైపు చెయ్యి చూపింది. "ఆ పొర ఎండి పిల్లకు అతుక్కున్నది సూసినప్పుడు నాకు నా నాలికే గుర్తొచ్చినాది."

హుస్సేనమ్మ పళ్లెం టేబుల్ మీద పెట్టింది. నెమ్మదిగా కూర్చుంది. కాసేపు తన మోకాళ్లు తనే ఒత్తుకుంది.

"అవి కాళ్లు కడిగే నీళ్లు కాదు," అంది.

"ఏంటివి?"

"ఆ చెంబులో నీళ్లు నేను కాచి సల్లార్చి పోస్తాంటి. పొద్దున ఒక చెంబు, మద్దేన్నం ఒక చెంబు. నువ్వు తాగేది నాకు తెల్సు. మూతి తడిగా వస్తాంటివి బైటికి."

షహర్బాను అప్పుడు చెప్పులు విడిచింది.

"మా అత్త బతికుండె కదమ్మే అప్పుడు. గడప కాడ మంచమేసుకుని కాపలా కూచునేది. ఆమె కండ్ల ముందర నీకు గ్లాసుతో నీళ్లిస్తే ఇల్లు పీకి పందిరి ఏసేది. బాత్‌రూములో ఆమె సూడదు కదా." హుస్సేనమ్మ ముక్కు ఎగబీల్చింది. "నా పురిట్లో నాకు ఆ చెంబు కూడా లేదు."

గదిలో పొగ పలచబడుతోంది. జిలానీ బాషా అప్పుడే తాళం తిప్పి లోపలికి వచ్చి, ముగ్గురు ఆడవాళ్ల మొహాలు చూసి, ఏసీ ఎందుకు ఆపారని అడగబోయి మానుకున్నాడు.

"మరి ఈ పిట్టకెందుకు ఆపినావు అత్తా? ఇప్పుడు మీ అత్త లేదు కదా?" అంది షహర్బాను. గొంతు తగ్గింది కానీ ప్రశ్న మాత్రం వదల్లేదు.

హుస్సేనమ్మ పళ్లెంలో పూరీలు సర్దింది. "ఏమో. పెద్దదాన్నయితి కదా. పెద్దోళ్లు అట్ల చెప్పాలేమో అనుకుంటి."

"అమ్మీ, చూడు!" అంది నాజియా పంజరం చూపిస్తూ.

కేసర్ కమ్మీ వదిలి కిందికి దిగింది. తీగతో కట్టిన గిన్నె అంచు మీద నిలబడింది. ముందు నీళ్లు తాగింది. తర్వాత గిన్నెలో దిగి, పొట్ట ఆనించి, రెక్కలు టపటపా కొట్టింది. నీళ్లు హుస్సేనమ్మ చీర మీద కూడా పడ్డాయి. ఆమె తుడుచుకోలేదు. అందరూ చూస్తుండగా అది గట్టెక్కి, పెట్టె మీదికి ఎగిరి, కన్నం ముందు ఆగింది. లోపలికి తొంగి చూసింది. వెనక్కి తిరిగింది. మళ్లీ చూసింది. నీళ్లు కారుతుండగా దూరిపోయింది.

షహర్బాను గడియారం చూసింది. గుడ్లు ఎంతసేపు చల్లబడి ఉన్నాయో ఎవరికీ తెలియదు. అత్తను అడిగితే నాలుగున్నరకు పొగ వేశానంది. మర్నాడు అల్లాబకాష్‌కు ఫోను చేస్తే, "కొంచెం సల్లబడినా తట్టుకుంటాయక్కా. చూద్దాం," అన్నాడు. ఆ చూద్దాం అనే మాట ఆమెకు నచ్చలేదు. కానీ చేయవలసిందంతా చేస్తూనే పోయింది. ఏసీ రెండు డిగ్రీలు పెంచి, జిలానీ బాషా గొణుగుతుంటే, "నువ్వు బనీను మీదుండు," అంది. పంజరం పక్కన తడి తువ్వాలు ఆరేసింది. పచ్చి ఆకు వాడిపోగానే మార్చింది. ఉడికించిన గుడ్డు పెంకును పొడి కొట్టి గింజల్లో కలిపింది.

తర్వాతి జుమేరాత్ హుస్సేనమ్మ పూరీలు పెట్టి, కళ్లు మూసుకుని, పొగ లేకుండానే చదివింది. అయ్యాక ఫోటో వైపు చూసి, "ఈ కొద్ది రోజులు సర్దుకో," అంది మామూలుగా, పక్కింటివాళ్లకు చెప్పినట్టు.

ఇరవై మూడో రోజు వచ్చింది, పోయింది. పెట్టెలో ఏ చప్పుడూ లేదు. ఇరవై నాలుగో రోజు షహర్బాను మూత ఎత్తలేదు. ఎత్తితే ఏం కనబడుతుందోనని కాదు, ఇప్పుడు కదిలిస్తే తడి పోతుందని. క్యాలెండరులో సున్నా దాటిన గడి మీద వేలు పెట్టి, ఇంకో రెండు రోజులు చూస్తానని తనకు తనే చెప్పుకుంది. నాజియా మాత్రం, "పెట్టె తీసేస్తావా అమ్మీ?" అని అడిగింది.

"తీసేస్తా, ఇది పోతే. అల్లాబకాష్‌కు మాటిచ్చినా. పిట్టని చంపుకుంటామా పిల్లల కోసం? కానీ ఇంకా పోలేదు కదా."

ఇరవై అయిదో రోజు శుక్రవారం. షార్జాలో అందరికీ సెలవు. షహర్బాను వంటింట్లో బియ్యం కడుగుతోంది.

"బానూ," అంది హుస్సేనమ్మ హాల్లోంచి. గట్టిగా పిలవలేదు. "నీళ్లు ఆపు. ఇటు రా. ఇను."

షహర్బాను కొళాయి కట్టేసి వచ్చింది. అత్త పంజరానికి చెవి ఆనించి కూర్చుని ఉంది. ముందు ఏమీ వినబడలేదు. తర్వాత, గోరుతో దువ్వెన పళ్లు మీటినట్టు సన్నగా, ఒకటి. ఆగి, ఇంకొకటి. ఒక గొంతు కాదు, రెండు.

కేసర్ అప్పుడే పెట్టెలోంచి తల బయటికి పెట్టింది. నోట్లో సగం పెంకు ఉంది. కింద పడేసింది. షహర్బాను దాన్ని వేళ్లతో తీసుకుని వెలుతురులో పట్టుకుంది. లోపలి పొర తడిగా, మెత్తగా, వేలికి అంటుకోకుండా జారిపోయింది. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడింది.

"మిగిలిన రెండూ?" అంది నాజియా.

"రేపో ఎల్లుండో. ఒకటి ముందు, ఒకటి ఎనక వస్తాయి ఇవి. రాకపోయినా సరే. రెండు వచ్చినాయి."

"నా ఫాతెహా వల్లనే," అంది హుస్సేనమ్మ.

షహర్బాను కాదనలేదు.

ముసలామె లేచి, మోకాళ్లు పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. గిన్నె తీగతో కట్టి ఉంది కాబట్టి తీయడానికి రాదు. అందుకని ఒక చెంబు పట్టుకొచ్చి, వంగి, కమ్మీల మధ్య నుంచి సన్నటి ధారగా గిన్నెలో పోసింది.

"కొళాయి నీళ్లు కాదులే," అంది కోడలి వైపు చూడకుండా. "పొద్దున్నే కాచి సల్లార్చినా."